బొమ్మ రాని బుధవారం

"ఏవండీ, బొమ్మ రావడం లేదు" అని నా భార్య హాల్లోంచి పిలిచినప్పుడు నేను వంటగదిలో ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూస్తున్నాను. ఆ మాట విన్నవారెవరైనా ముందు టీవీ వైపు చూస్తారు. నేను పరుగున వచ్చి ఆమె ముఖం వైపు చూశాను.

అందుకు కారణం ఉంది. అంతకు ముందు ఏడాది వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. మెదడులో కుడివైపు రక్తం గడ్డకట్టి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. కాలు తిరిగి వచ్చింది. చేయి సగమే వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుందని చెప్పారు. మూతి వంకరపోయినా, చేయి జారిపోయినా, మాట తడబడినా, ఉన్నట్టుండి చూపు పోయినా క్షణం ఆలోచించకుండా తీసుకురమ్మన్నారు. వాటిలో ఆ చివరిది నన్ను ఎక్కువగా భయపెట్టింది. చేయి జారితే నాకు కనబడుతుంది. మాట తడబడితే వినబడుతుంది. ఆమె కళ్ళలో చీకటి పడితే మాత్రం ఆమె చెబితే తప్ప నాకు తెలియదు. ఇప్పుడు ఆమే చెబుతోంది, బొమ్మ రావడం లేదని.

"నవ్వు" అన్నాను.

"టీవీలో బొమ్మ రాకపోతే నేను నవ్వడం ఎందుకండీ?"

"ముందు నవ్వమంటున్నాను."

ఆమె పళ్ళన్నీ కనబడేలా ఇకిలించింది. మూతి సరిగానే ఉంది.

"రెండు చేతులూ పైకెత్తు."

"బాగుంది. పోలీసులు దొంగని పట్టుకున్నట్టు."

ఎత్తింది. ఎడమ చేయి కుడిచేతి కన్నా కొంత కిందనే ఆగింది. అది ఎప్పుడూ అక్కడే ఆగుతుందని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను.

"ఇప్పుడు ఒక పూర్తి వాక్యం చెప్పు."

"మా ఆయనకి చాదస్తం ముదిరింది. చాలునా? ఇంకాస్త పొడుగుది చెప్పమంటారా?"

అప్పుడు టీవీ వైపు తిరిగాను. నల్లటి తెర మీద 'సిగ్నల్ లేదు' అన్న చిన్న గడి ఒక మూల నుంచి మరో మూలకు తిరుగుతోంది. కింద అరలో గేమ్ డబ్బా దీపం వెలుగుతోంది, లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది. బొమ్మ మాత్రం లేదు. చూపు పోయింది ఆమెకు కాదు. సోఫా చేతిని పట్టుకుని నిలబడ్డాను. ఆ ఊరట మాత్రం ఎంతోసేపు నిలవలేదు.

ఆ డబ్బా మా ఇంట్లో ఆటవస్తువు కాదు. ఖాజాగూడలో ఉండే మా అమ్మాయి ఇంట్లో అల్లుడు కొత్తది కొనుక్కుని పాతది పక్కన పడేస్తే, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి సలహా మీద మేము తెచ్చుకున్నాం. అందులో ఒక కారు ఆట ఉంది. చేతిలో పట్టుకునే కంట్రోలరుకు కుడివైపున వేగం పెంచే మీట, ఎడమవైపున కారును మలుపు తిప్పే చిన్న పుల్ల ఉంటాయి. కారు దారిలో ఉండాలంటే ఎడమ బొటనవేలు కదలాలి. రబ్బరు బంతి నొక్కమంటే నా భార్య నొక్కలేదు. పిండి ముద్ద పిసకమంటే "ఈ పిండితో నాలుగు పూరీలు అయ్యేవి" అని పక్కన పెట్టింది. కారు ఆట ఒక్కటే ఆమె తనంతట తాను ఆడింది. చేతిని వాడకపోతే వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోతాయనీ, ఒకసారి ముడుచుకున్నవి తెరవడం కష్టమనీ ఫిజియోథెరపీ అమ్మాయి నాకు చేసి చూపించింది. కాబట్టి ఆ డబ్బా ఆగిపోవడమంటే ఆ చేయి ఆగిపోవడమే.

నేను జీడిమెట్లలో ఒక మందుల కర్మాగారంలో కొలిచే పరికరాలను తనిఖీ చేసే విభాగంలో పని చేసి రిటైరయ్యాను. ఉష్ణమాపకం, తూకం, పీడనం చూపే మీటరు, ఏదైనా సరే, తెలిసిన ప్రమాణంతో సరిచూసి, మళ్ళీ చూడవలసిన తేదీ వేసి పచ్చ చీటీ అంటిస్తేనే అది చెప్పే అంకెకు విలువ. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. మా ఇంట్లో బీపీ మిషనుకు పచ్చ చీటీ ఉంది, వంటింటి తూకానికి ఉంది, ఫ్రిజ్‌లోని ఉష్ణమాపకానికి ఉంది. చేతి పట్టును కిలోల్లో చూపే మీటరు కొన్నప్పుడు దానికి ఐదు కిలోల బియ్యం సంచి వేలాడదీసి చూశాను. ముల్లు సరిగ్గా ఐదు దగ్గర ఆగింది. చీటీ అంటించాను.

"నా నుదుటి మీద కూడా ఒకటి అంటించండి" అంది ఆమె. "మళ్ళీ చూడవలసిన తేదీ వేసి."

ప్రతి సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆమె ఎడమ చేత్తో ఆ మీటరును నొక్కేది. నేను ఆ అంకెను గోడ మీది వాక్య క్యాలెండరులో ఆనాటి గడిలో రాసేవాడిని. దేవుని వాక్యం కింద కిలోలు రాయడమేమిటని ఆమె సణిగేది. నాలుగుతో మొదలైన అంకె పదకొండు దాకా వచ్చింది. రోజులో నేను నిశ్చింతగా ఉన్న సమయమంటూ ఉంటే, అది ఆ అంకె రాసిన తరువాతి కాసేపే.

బుధవారం మధ్యాహ్నమంతా ఆ డబ్బాతోనే గడిచింది. వైరు తీసి రెండు కొనలూ భూతద్దంతో చూశాను. అదే వైరును కేబుల్ డబ్బాకు పెట్టి చూస్తే టీవీలో వార్తలు వచ్చాయి. కాబట్టి వైరు మంచిది, టీవీ మంచిది, టీవీ వెనక రంధ్రమూ మంచిదే. డబ్బాను తిరిగి పెడితే నల్లటి తెర. ఇక లోపం ఉంటే డబ్బా లోపలే ఉండాలి. స్క్రూడ్రైవరు తెచ్చుకుని దాన్ని బల్ల మీద బోర్లించాను.

విప్పలేదు. విప్పడానికి భయం వేసింది. ఫ్యాక్టరీలో ఇంతకన్నా ఎన్నో రెట్లు ఖరీదైన పరికరాలను చేయి వణకకుండా విప్పినవాడిని. అక్కడ ఒకటి పాడైతే రిపోర్టు రాసేవాళ్ళం, కొత్తది వచ్చేది. ఇక్కడ నా చేతిలో పాడయ్యేది ఏమిటో నాకు తెలుసు. నా వెనకాల కుర్చీలో ఆమె చీర కుచ్చెళ్ళ మీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఆ వేళ్ళు లోపలికి వంగి ఉన్నాయి. నిన్నటి కన్నా ఎక్కువ వంగాయా అని నాకు అనుమానం వచ్చింది. నిన్న ఎంత వంగాయో నేను కొలవలేదు.

మా విభాగంలో ఒక నియమం ఉండేది. మంచిదని తెలిసిన దానితో పోల్చకుండా దేన్నీ విప్పరాదు. డబ్బాను ఇంకో టీవీకి పెట్టి చూడాలి. మా ఎదురు ఫ్లాటులో ఒక అమ్మాయి ఉంటుంది. కరీంనగర్ వైపు మనిషి, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. ఆమె ఇంట్లో గోడంత టీవీ ఉందని విన్నాను.

"వద్దండీ" అంది నా భార్య వెంటనే. "ఆ పిల్ల పనిలో ఉంటుంది. ఆదివారం అల్లుడు వస్తాడుగా, అతను చూస్తాడు."

"ఆదివారం దాకా చేయి ఊరికే ఉంటుందా?"

"నాలుగు రోజులకి ఏమీ కాదు. నర్సుని నేనా, మీరా?"

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసిన మనిషి. ఆ మాట వాడితే సాధారణంగా నేను ఊరుకుంటాను. కానీ ఆమె వద్దన్న తీరులో ఏదో తొందర ఉంది. పొరుగువారికి శ్రమ ఇవ్వడం ఆమెకు ఇష్టం ఉండదు, అదే అనుకున్నాను. ఆ సాయంత్రం మీటరు పదకొండు చూపింది. క్యాలెండరులో రాశాను. ఈసారి రాశాక కూడా నిశ్చింత కలగలేదు.

గురువారం పొద్దున డబ్బాను తువ్వాలులో చుట్టుకుని ఎదురు తలుపు తట్టాను.

"ఏంది అంకుల్, పొద్దుగాలనే డబ్బ పట్టుకొని వచ్చిండ్రు? రండ్రి, రండ్రి."

విషయం చెప్పాను. ఆ అమ్మాయి నా చేతిలోంచి డబ్బాను అందుకుని, టీవీ వెనక ఉన్న వైరు లాగి, తల కూడా వంచకుండా డబ్బా వెనక గుచ్చింది. గోడంత తెర మీద కారు ఆట మొదటి బొమ్మ నిండుగా వచ్చింది. డబ్బా మంచిదే! నాకు సంతోషం కలగవలసింది. కలిగింది మాత్రం ఇంకొక భయం. ఇక్కడ డబ్బా మంచిది, అక్కడ టీవీ మంచిది, రెండూ కలిస్తే చీకటి. మా పనిలో అన్నిటికన్నా చెడ్డ లోపం అదే. దేనికదే సరిగ్గా ఉంటుంది, ఎక్కడని వెతకాలి?

అప్పుడు ఇంకొకటి తట్టింది.

"అమ్మా, డబ్బాకు ఏ రంధ్రంలో పెట్టాలో చూడకుండానే పెట్టావు. నీకెలా తెలుసు?"

ఆమె నాలుక కరుచుకుంది.

"అయ్యో. ఆంటీ చెప్పొద్దన్నది అంకుల్."

"ఏం చెప్పొద్దంది?"

"కోపం చేయకండ్రి మరి. మీరు బుధారం బుధారం జీడిమెట్ల పోతరు గదా..."

వెళ్తాను. పాత కంపెనీలో కొత్తవాళ్ళకు పని నేర్పమని వారానికి ఒక పూట పిలుస్తారు. నిన్న పొద్దున కూడా వెళ్ళి వచ్చాను.

"మీరు పోంగనే ఆంటీ నాకు ఫోన్ కొడ్తది. నేనొచ్చి డబ్బ తెచ్చుకుంట. నా మీటింగ్ షురూ అయ్యేదాక ఇద్దరం జర సేపు ఆడుకుంటం. మస్తు జోడి మాది. స్పీడు ఆంటీ సూస్కుంటది, మలుపులు నేను తిప్పుత. నిన్న బొమ్మ ఇంక మంచిగొస్తదని సెట్టింగ్ల పెద్ద సైజు పెట్టిన. మీ టీవీ పాతది గదా, గంత పెద్ద బొమ్మ తీసుకోలే. గదే అంకుల్, ఏం ఖరాబు గాలే. ఫికర్ చేయకండ్రి."

ఇక్కడే తిరిగి మార్చి ఇస్తానని ఆమె అంటుండగానే బల్ల మీది ల్యాప్‌టాప్ మోగింది. మీటింగు మొదలైంది. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుంటూ, గంట ఆగితే తానే చేస్తాననీ, ఆగలేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చనీ చెప్పింది. డబ్బా ముందు వైపు రెండు బటన్లు ఉంటాయి, రెండూ ఒకేసారి నొక్కి పట్టుకోవాలి, ఒకసారి బీప్‌మంటుంది, అప్పుడు వదలకూడదు, రెండోసారి బీప్‌మన్నాక వదిలితే చిన్న బొమ్మతో మొదలవుతుంది, ఆ తరువాత సైజు మార్చుకోవచ్చు.

నేను ఆగలేకపోయాను. డబ్బాకు మళ్ళీ తువ్వాలు చుట్టి బయటికి వచ్చాను.

మా రెండు తలుపుల మధ్య నడవా చిన్నది. అందులోకి అడుగు పెట్టేటప్పుడు నాకున్నది బాధే. నా పక్కన కూర్చుని ఆడటం ఇష్టం లేక నేను లేని పూట వేరే ఇంటికి వెళ్తోంది, నాకు చెప్పవద్దంటోంది. లిఫ్టు దాటేలోపు ఆ బాధ పోయి, దాని స్థానంలో ఇంకొక మాట వచ్చి కూర్చుంది. స్పీడు ఆంటీ, మలుపులు నేను. వేగం మీట కుడిచేతిది. మలుపుల పుల్ల ఎడమచేతిది. అంటే అక్కడ ఆమె ఎడమ బొటనవేలు కదపడం లేదు. కదపకూడదనుకుందా? కదపలేకపోయిందా?

వరుసగా గుర్తుకొచ్చాయి. ఈ మధ్య మా ఇంట్లో ఆమె కారు గోడలకు గుద్దుకోవడం ఎక్కువైంది. తలనొప్పిగా ఉందని ఆట మధ్యలోనే ఆపేస్తోంది. గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకోవడం మానేసింది. ఇవన్నీ నేను చూశాను. చూసి, సాయంత్రం పదకొండు అని రాసుకున్నాను. అంకె బాగున్నప్పుడు కళ్ళకు కనిపించినవాటిని పట్టించుకోలేదు.

తలుపు తీసేసరికి ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయిందనుకుంటాను. డబ్బాను ఆమె కుర్చీ ముందున్న బల్ల మీద పెట్టి, వైర్లు కలిపాను.

"రెండు బటన్లు ఒకేసారి నొక్కి పట్టుకోవాలట. కుడివైపుది నేను పడతాను. ఎడమవైపుది నువ్వు పట్టు. ఎడమ చేత్తో."

"రెండూ మీరే పట్టుకోవచ్చుగా. మీకు రెండు చేతులున్నాయిగా."

"నీ పట్టు పదకొండు కిలోలు. ఈ బటనుకు వేలి బరువు చాలు."

ఆమె ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి బల్ల మీద పెట్టింది. బొటనవేలిని బటను మీదికి తెచ్చింది. నొక్కాం. మొదటి బీప్ వచ్చింది. నేను ఆమె వేలినే చూస్తున్నాను. గోరు చివర తెల్లబడింది, మణికట్టు వణికింది, బొటనవేలు నెమ్మదిగా పక్కకు ఒరిగి బటను మీది నుంచి జారిపోయింది. రెండో బీప్ రాలేదు.

"జారింది" అంది. "చెమట పట్టింది."

కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఈసారి మొదటి బీప్ కూడా రాకముందే జారింది.

గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. వాక్యాల కింద నా దస్తూరీలో తొమ్మిది, పది, పది, పదకొండు. ఐదు కిలోల బియ్యంతో సరిచూసిన మీటరు చెప్పిన అంకెలు. బటను నొక్కలేని వేలు.

"చెప్పు" అన్నాను.

చెప్పింది. ఆ మీటరులో రెండు ముళ్ళు ఉంటాయి. నల్లది చేయి వదలగానే సున్నాకు వచ్చేస్తుంది. ఎర్రది ఎంత దూరం వెళ్ళిందో అక్కడే ఆగిపోతుంది, తీరిగ్గా చూసి రాసుకోవడానికి. ఎంత బలం పడిందో అది చెబుతుంది. ఎవరి చేయి పడిందో చెప్పదు. ప్రార్థన అయ్యాక నేను కళ్ళద్దాల కోసం పడకగదిలోకి వెళ్ళేవాడిని. ఇప్పుడు ఆ అద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకుంటున్నాను. అప్పట్లో అవి మంచం పక్కన ఉండేవి. నేను తిరిగి వచ్చేలోగా ఆమె ఎడమ చేతి మీద కుడి చేతిని వేసి రెండు చేతులతో నొక్కేది. నేను వచ్చి ఎర్ర ముల్లును చదివేవాడిని.

"ఎక్కువ నొక్కితే మీకు అనుమానం వస్తుందని, కొంచెం కొంచెమే పెంచుతూ వచ్చాను" అంది. ఆ మాటలో ఒక నర్సుకుండే ఓర్పు ఉంది.

"ఎప్పటి నుంచి?"

"వానలు మొదలయినప్పటి నుంచి పట్టు తగ్గుతోంది. ముందు కొంచెం. తర్వాత ఇంకొంచెం."

"అదేమిటో నీకు తెలియదా? నర్సువి కదా!"

"నర్సుని కాబట్టే చెప్పలేదు." ఆమె ఎడమ చేతిని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "ఛార్టులో గీత కిందికి దిగిన రోజున మంచం పక్క మనిషి ముఖం ఎలా ఉంటుందో ఎంతమందిని చూశాను. మీరు ఆ క్యాలెండరు దగ్గర నిలబడి అంకె రాసి, హమ్మయ్య అని పెన్ను మూత పెడతారు చూడండి. దానికోసం నొక్కాను. ఎదురింట్లో అయితే నొక్కక్కర్లేదు. ఆ పిల్ల నన్ను ఎంత అని అడగదు."

డబ్బాను నా వైపు తిప్పుకుని రెండు బటన్లూ నేనే పట్టుకున్నాను. చేతికి ఏదో పని ఉండాలి, అంతే. మొదటి బీప్, చాలాసేపటికి రెండోది. వదిలాను. బట్టలు మార్చుకొమ్మని ఆమెతో చెప్పి, ఆసుపత్రి ఫైలు కోసం బీరువా తీశాను.

"ఏవండీ" అంది వెనక నుంచి. "బొమ్మ వచ్చింది, చూడండి."

తెర మధ్యలో పోస్టుకార్డు అంత మసక బొమ్మ. చుట్టూ నలుపు. దాన్ని అలాగే వదిలేసి తలుపు తాళం వేశాం.

హఫీజ్‌పేట్‌లోని మా ఇంటి నుంచి ఆసుపత్రి అంత దూరం కాదు. కానీ అది ఆఫీసులకు వెళ్ళే వేళ. ఫ్లైఓవరు ఎక్కాక మా ఆటో కార్ల మధ్య ఇరుక్కుపోయింది. అటూ ఇటూ అద్దాల భవనాల్లో మా ఆటో ప్రతిబింబం కదలకుండా నిలబడి ఉంది. క్షణం కూడా ఆలోచించవద్దని చెప్పిన డాక్టరుగారి దగ్గరికి వానాకాలమంతా ఆలస్యం చేసి వెళ్తున్నాం. నా భార్య కళ్ళు మూసుకుని పెదవులతో ప్రార్థన చేసుకుంటోంది. నాకు ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు. క్యాలెండరులో ఎన్నిసార్లు ఆ వాక్యాల కింద రాశానో, వాటిలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

డాక్టరుగారు ఆమె చేతిని తిప్పి చూశారు, మోచేతి దగ్గర చిన్న సుత్తితో తట్టారు, తన వేళ్ళను పట్టుకోమన్నారు. తరువాత నా వైపు తిరిగారు. పోయినసారి నేను చెప్పిన అంకెలు ఆయనకు గుర్తున్నాయి.

"మీరు లెక్క కరెక్టుగా పెడతారు కదండీ. పట్టు ఎంత నుంచి ఎంతకు తగ్గింది?"

"తెలియదండి" అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా చూశారు.

"నిన్న ఎంత ఉంది?"

"తెలియదండి. పొద్దున ఒక బటను నొక్కి పట్టుకోలేకపోయింది. అది చూశాను. అంతే చెప్పగలను."

ఆయన అదే రాసుకున్నారు. కండరం బిగుసుకుపోవడం కావచ్చు, దానికి మందులున్నాయన్నారు. మెదడులో మళ్ళీ చిన్న గడ్డ ఏర్పడి కూడా ఉండవచ్చు, అదైతే దారి వేరన్నారు. స్కాను తీస్తేగానీ రెండింటిలో ఏదన్నది చెప్పలేమన్నారు.

స్కాను గది బయట వరసగా ఇనప కుర్చీలు ఉన్నాయి. మా ముందు ఇంకా కొందరు ఉన్నారు. ఆమె నాకు కుడిపక్కన కూర్చుంది. నేను ఆమె ఎడమ చేతిని నా అరచేతిలోకి తీసుకున్నాను. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా తెరిచి, నా వేళ్ళ చుట్టూ వేసుకున్నాను. చల్లగా ఉంది.

"నొక్కమంటారా?" అంది.

"నొక్కు."

తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది" అన్నాను. "బాగా తెలుస్తోంది."

"అబద్ధం. నేనింకా మొదలుపెట్టలేదు."

పక్క కుర్చీలో ఉన్నావిడ మా వైపు తిరిగి చూసింది. నా భార్య నవ్వుతోంది. మూతి వంకర లేదు, చూశాను. తరువాత ఆమె నవ్వు ఆపి, కుడి చేతిని ఎడమ చేతికి దూరంగా తన ఒళ్ళో పెట్టుకుంది, నాకు కనబడేలా.

"ఇప్పుడు చెప్పండి" అంది.